మూడు కత్తెర్ల గోల్‌కీపర్

ఆ రోజుల్లో నా ఎత్తు గురించి మాట్లాడే హక్కు నాకు తప్ప ఊళ్ళో అందరికీ ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలు, పాలు పోసే మనిషి, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన, ఎవరైనా సరే నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి (ఆ చూపుకు ఎక్కువసేపు పట్టేది కాదు) "నాయన పోలిక రాలేదే" అని నిట్టూర్చి తమ దారిన తాము వెళ్ళేవాళ్ళు. మా నాయన వాకిట్లో తల వంచుకుని లోపలికి వచ్చే మనిషి. నేను అదే వాకిట్లో ఎగిరి గంతేసినా ద్వారబంధానికేమీ కాదు, నాకూ ఏమీ కాదు. ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, నేను పనిచేసే సూళ్లూరుపేట ఫ్యాక్టరీలో మొన్న టీ వేళ కుర్రవాళ్ళు ఫోన్‌లో ఫుట్‌బాల్ చూస్తూ, గోల్‌కీపర్‌కు ఎత్తు ముఖ్యమా కాదా అని కొట్టుకు చస్తున్నారు. ఒకడు నా వైపు తిరిగి, "మీరేమంటారు సార్?" అన్నాడు. నేను సగం తాగిన టీ అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు చెప్పని జవాబు మీకు చెబుతాను, మీరే తేల్చండి.

మాది కార్వేటినగరం. డిగ్రీ చిత్తూరులో, హాస్టల్లో ఉండి చదివాను. క్రికెట్ ఆడేవాళ్ళు మైదానమంతా పరుచుకుని ఉంటే, మిగిలిన మూలలో మా ఫుట్‌బాల్ జట్టు ఆడేది. గోల్ దగ్గర నిలబడడానికి ఎవరూ ముందుకు రాకపోతే నేను నిలబడ్డాను. నిలబడ్డాక తెలిసింది, నాకు ఈ భూమ్మీద సరిగ్గా వచ్చిన పని అదొక్కటేనని. బంతి ఎటు వస్తుందో కొట్టేవాడి కంటే ముందు నాకు తెలిసిపోయేది, ఒక్క దూకు దూకి పట్టేసేవాణ్ణి. మోచేతులు ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి, వాటిని చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి. కానీ మాకు ఆటలు నేర్పే పీడీ సారుకు ఒక సిద్ధాంతం ఉండేది. ఆటల సామాన్లు పెట్టుకునే గది గోడ మీద ఆయన బొగ్గుతో ఒక గీత గీశారు. "ఈ గీతకు తల తాకినోడే కీపరు. మిగతాదంతా నాకు చెప్పొద్దు" అనేవారు. ఆ గీత ఏ లెక్క ప్రకారం గీశారో దేవుడికెరుక. (ఆయన చెయ్యి సుఖంగా అందిన చోట గీసుంటారని నా అనుమానం.) నా తల ఆ గీతను తాకేది. తల అంటే, నా తలకాయ కాదు. నాకు అప్పట్లో ఒత్తుగా, ఉంగరాలు తిరిగిన జుట్టు ఉండేది. నూనె రాయకుండా రెండు రోజులు వదిలేస్తే అది తనంతట తానే పైకి లేచి గీతను ముద్దు పెట్టుకునేది. సారు చూసి, "తాకిందిలే" అనేవారు.

అంతా సజావుగా సాగుతున్న కాలంలో స్తంభం వచ్చాడు. ఫస్టియర్‌లో చేరిన కుర్రాడు, కరెంటు స్తంభమంత ఉండేవాడు కాబట్టి ఆ పేరు. మంచివాడే, నాకు అన్నా అన్నా అని గౌరవం కూడా ఇచ్చేవాడు, అదింకా మంట. నిలబడి చెయ్యెత్తితే పైన అడ్డంగా ఉండే బార్ అందేది. వంగమంటే మాత్రం వంగడు. కింద పడితే చొక్కా మాసిపోతుందని వాడి బాధ. వాణ్ణి చూసిన రోజు నుంచి సారు కళ్ళల్లో వెలుగు వచ్చింది. తిరుపతిలో కాలేజీల మధ్య పోటీలు దగ్గరపడ్డాయి. అక్కడికి వెళ్ళి గోల్ ముందు నిలబడాలన్నది తప్ప ఆ ఏడాది నాకు వేరే కోరిక లేదు. "తిరపతికి పోయే ముందు ఇద్దరినీ ఇంకోసారి కొలుస్తా. గీత తాకితే నువ్వే, పాతోడివి. తాకలేదా, వాడు" అని సారు తేల్చేశారు. నేను ఆ రోజు నుంచి నూనె సీసా వంక చూడడం మానేశాను.

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి మా అవ్వకు చెప్పడం నేను చేసిన తెలివితక్కువ పని. అవ్వ అంటే నాయనమ్మ. ఆమె శ్రద్ధగా విని, "గోల్‌కీపరంటే ఏం జేస్తాడ్రా?" అని అడిగింది.

"అందరూ బంతిని తంతారు అవ్వా. నేను దానికి అడ్డం పడతాను."

"అంతమంది తంతా ఉంటే నువ్వు బోయి అడ్డం పడతావా?"

"అదే గదా ఆట."

అవ్వ లేచి వెళ్ళి దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుని నిలబడి చాలాసేపు గొణిగింది. నన్ను జట్టులోకి తీసుకోవాలనే మొక్కుకుంటోందని నేను సంబరపడ్డాను. ఆ రాత్రి అన్నం కూడా ఒక ముద్ద ఎక్కువే తిన్నాను. తెల్లవారగానే అవ్వ చీర మార్చుకుని, "పద, కొండకు బోదాం. నీ జుట్టు మొక్కుకున్యా" అంది. జట్టులోకి తీసుకున్నాక ఇస్తాను, తీసుకోకముందే ఎందుకు అని బతిమాలాను. నాయన వైపు చూశాను. ఆయన తువ్వాలు దులుపుకుంటూ, "స్వామి పని, మధ్యలో నాకేం తెలుస్తుందిరా" అని పెరట్లోకి నడిచాడు. చివరికి అవ్వే దిగివచ్చింది. "సరే, గుండొద్దులే. మూడు కత్తెర్లు ఇయ్యి, సాలు" అంది. మూడు చోట్ల మూడు కుచ్చులు కత్తిరిస్తే గీతకు వచ్చిన నష్టమేమీ లేదు. నేను ఒప్పుకుని అలిపిరి నుంచి మెట్లన్నీ ఉత్సాహంగా ఎక్కాను. అవ్వ నా కంటే ముందే ఎక్కింది.

కళ్యాణకట్టలో మగవాళ్ళ వరస వేరు. అవ్వ బయటే ఉండిపోయింది. నా వంతు వచ్చింది, కూర్చున్నాను, క్షురకుడు తల మీద నీళ్ళు పోసి తన పద్ధతిలో నా మెడ వంచాడు. నీళ్ళలోంచే నేను, "మూడు కత్తెర్లన్నా" అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. నా గుండె కుదుటపడింది. తర్వాత ఆయన ఎంతో నిదానంగా, "అది ఆడోళ్ళకు గదప్పా" అన్నాడు. అప్పటికే నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక బాట పడిపోయి ఉంది. బాట పడిన తలతో లేచి పోవడానికి లేదు కదా, మిగతాది కూడా గీసెయ్యమన్నాను. నా రెండు వేళ్ళ ఎత్తు ఉంగరాలు ఉంగరాలుగా ఒళ్ళో పడింది. బయటికి రాగానే అవ్వ తలంతా గంధం పూసి, "ఎంత సక్కంగా ఉండావురా" అని మెటికలు విరిచింది. మూడు కత్తెర్లు మగవాళ్ళకు ఉండవని ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి అనేస్తానని భయం.

మర్నాడు గీత కింద నిలబడ్డాను. సారు ఇటు నుంచి చూశారు, అటు నుంచి చూశారు. "ఏమిరా, తగ్గినావే" అన్నారు.

"నేను తగ్గలేదు సార్. జుట్టు తగ్గింది."

"జుట్టో తలో, అవన్నీ గీతకు తెలీవు. రెండు వేళ్ళు తక్కువుండాది."

"జుట్టుతో గోల్ ఆపుతామా సార్?"

"మరి ఇన్నాళ్ళూ దాంతోనే గదరా కొలిపించుకున్నావు" అన్నారు. స్తంభం నా చెయ్యి పట్టుకుని, "మొక్కు గదన్నా, మంచే జరుగుతాది" అని ఓదార్చాడు. ఆ ఓదార్పుకు వాణ్ణి కొట్టాలనిపించింది, చెంప అందదు.

ఆ మర్నాడే తిరుపతిలో ఆట మొదలైంది. నేను గట్టు మీద, గంధం ఆరిన గుండుతో, ఎండలో. మొదటి సగంలో మా మీద రెండు గోల్స్ పడ్డాయి, రెండూ నేల మీద దొర్లుకుంటూ వచ్చినవే. స్తంభం వాటిని చుట్టాన్ని సాగనంపినట్టు మర్యాదగా చూస్తూ నిలబడ్డాడు. విరామంలో సారు నా మొహం చూడకుండానే, "పోరా గుండూ" అన్నారు. నేను గోల్ దగ్గరికి నడుస్తుంటే జనంలోంచి ఎవడో నా తల చూసి "గోవిందా" అని అరిచాడు. వెంటనే మైదానమంతా "గోవింద" అని బదులిచ్చింది. తిరుపతిలో ఆ మాట ఒకరు అంటే మిగతావాళ్ళు ఊరుకోలేరు. అక్కణ్ణుంచి మొదలైంది నా నరకం. బంతి నా వైపు వస్తే గోవిందా, నేను దూకితే గోవింద. అది దేవుణ్ణి తలుచుకోవడమా, నా పని అయిపోయిందని చెప్పడమా, నాకు ప్రతిసారీ అర్థం కాలేదు. చెమటకు గంధం కరిగి కళ్ళల్లోకి దిగుతోంది. అయినా పడ్డాను, లేచాను, కింద వచ్చినవన్నీ పట్టాను. ఒకసారి కళ్ళు తుడుచుకునేలోపే ఎవడో దగ్గర నుంచి బలంగా కొట్టాడు. బంతి సరాసరి నా నున్నటి నెత్తికి తగిలి టప్పున బయటికి ఎగిరిపోయింది. ఆ గోవింద మాత్రం భక్తితోనే అన్నారని నా నమ్మకం. ఈలోపు మావాళ్ళు కూడా రెండు కొట్టారు.

ఆట ముగియబోతుండగా ఒక బంతి వచ్చింది. బలమైంది కూడా కాదు, ఎవడో దిక్కుతోచక పైకి తన్నింది. తేలుకుంటూ, నింపాదిగా, బార్ కిందుగా వచ్చింది. నాకున్నదంతా పెట్టి ఎగిరాను. వేళ్ళ కొసలకు దాని తోలు తగిలింది, అంతే. స్తంభమైతే చిలక్కొయ్యకు చొక్కా తగిలించినట్టు నిలబడే అందుకునేవాడు. జనం ఈసారి గట్టిగా అరవలేదు. మెల్లగా, జాలిగా, "గోవింద" అన్నారు. సారు నా దగ్గరికి వచ్చి రెండు వేళ్ళు చూపించారు. "సూసినావా? ఇదే నేను జెప్పింది."

"కింద పోయినవి రెండు గదా సార్?"

"వాటికీ ఎత్తుకూ సంబంధం లేదులే" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఓడినందుకు కాదు, ఈయనతో జీవితంలో గెలవలేనని తెలిసినందుకు.

ఇంటికి వెళ్ళి సంచీ మూలకు విసిరి అవ్వ మీద విరుచుకుపడ్డాను. "జట్టులోకి తీసుకోవాలని మొక్కి, తీసుకోకముందే జుట్టు ఇప్పించినావు. నీ మొక్కు వల్లే నా చోటు పోయింది. బంతి కూడా ఉత్త నెత్తికే తగిలింది" అన్నాను. అవ్వ నింపాదిగా నన్ను దగ్గరికి లాగి తలంతా తడిమింది. బంతి తగిలిన చోట చెయ్యి ఆపింది.

"ఈడేనా తగిలింది?"

"ఆ."

"నొప్పుండాదా?"

"లేదు."

"మరింకేం" అంది. "నిన్ను తీసుకోవాలని ఎవురు మొక్కినార్రా? అంతమంది తంతా ఉంటే అడ్డం బోతావంటివి. నీకేం గాకూడదని మొక్కినా. అది ఆటకు ముందే గదా తీర్చాల."

అవ్వ లోపలికి వెళ్ళి నూనె సీసా తెచ్చి, లేని జుట్టుకు రాసింది.

అవ్వ ఇప్పుడు లేదు. జుట్టు కూడా, ఏ మొక్కూ లేకుండానే, దానంతట అదే సెలవు తీసుకుంది. చెవుల పక్కన నాలుగు పోచలు మిగిలాయి. పోయిన నెల వాటితోనే కళ్యాణకట్టలో కూర్చున్నాను. కుర్ర క్షురకుడు నా తల చూసి, "ఏముండాదప్పా తీసేదానికి?" అన్నాడు. నేను, "మూడు కత్తెర్లు" అన్నాను. వాడు నవ్వి, "ఆ మాత్రం ఉంటాదిలే" అని నీళ్ళు పోస్తూ, ఏం మొక్కు అని అడిగాడు. మా పాపను బడి జట్టులో గోల్ దగ్గర నిలబెట్టారని, మర్నాడే ఆట అని చెప్పాను. పాప నా పోలికే, గోడల మీద గీతలు దానికీ అందవు. ఎత్తు గురించి మాత్రం నేను స్వామిని ఏమీ అడగలేదు.