సోములమ్మ ఊరుకున్న రోజు

గెమ్మెలి సోములమ్మ పిలిచిందంటే ఎదుటి కొండ మీద పశువులు కాసేవాళ్లు కూడా తిరిగి చూస్తారు. అరకు లోయలో డుంబ్రిగుడకు పైనున్న ఆ చిన్న గూడెంలో, పిట్టల కావలి అనగానే అందరికీ ఆమే గుర్తొచ్చేది. సామచేను కంకి వేసే రోజుల్లో మంచె ఎక్కి ఒక్క కేక పెడితే చాలు, చిలకల గుంపు లేచి అవతలి లోయలోకి దిగిపోయేది. వడిసెల తిప్పాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు.

అలాంటి మనిషి కడుపున పుట్టిన బిడ్డ ఏడవలేదు. నర్సు వీపు మీద తట్టింది, పాదాలు రుద్దింది. చాలాసేపటికి పిల్లిపిల్ల మూలిగినట్టు చిన్న శబ్దం వచ్చింది. ఆ బిడ్డకు సోని అని పేరు పెట్టుకున్నారు. తోటి పిల్లలు పరుగులు తీసే వయసుకు సోనికి మెడ నిలిచింది. కాళ్లు కర్రల్లా బిగుసుకునేవి. మాట రాలేదు. గూడెంలో మంత్రం వేసే దిసారి దగ్గరికి వెళ్లి తాయెత్తు కట్టించుకొచ్చారు. చుట్టాలందరికీ ఒకటే మాట: "తల్లే నోరంతా తీసుకుంది, పిల్లకేటి మిగల్నేదు." వాళ్లు నవ్వులాటకే అనేవారు. సోములమ్మ కూడా నవ్వేసి, ఇంట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది.

సోనికి ఆరో ఏడు వచ్చాక ఆశా కార్యకర్త పట్టుబట్టి వాళ్లను మండల కేంద్రానికి పంపింది. అక్కడ ఇలాంటి పిల్లల కోసం ఒక శిక్షణ కేంద్రం ఉంది. సోములమ్మ భర్త ధర్మ పిల్లను దుప్పటితో వీపుకు కట్టుకుని కొండ దిగేవాడు. కింద రోడ్డు మీద జీపు పట్టుకునేవారు. వారం వారం అదే దారి.

కేంద్రంలో సురేంద్ర ఫిజియోథెరపిస్టు. సోనిని పెద్ద బంతి మీద బోర్లా వేసి అటూ ఇటూ ఊపేవాడు, బిగిసిన కాళ్లను నెమ్మదిగా సాగదీసేవాడు. గోడ మూలలా ఉండే ఒక కుర్చీలో నడుముకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టేవాడు. "కుదురుగా కూర్చుంటేనే ఊపిరి బాగా ఆడుతుందమ్మా, మాటకు కూడా అదే ముందు కావాలి" అని చెప్పాడు. ధర్మ ఆ కుర్చీని అన్ని వైపులా తిరిగి చూసి, ఇంటికొచ్చి వెదురుతో అచ్చం అలాంటిదే కట్టాడు.

మాటలు నేర్పేది డాలీ. ఆ కొండల పిల్లే, మిషన్ బడిలో చదువుకుని, విశాఖలో స్పీచ్ థెరపీ నేర్చుకుని వచ్చింది. సోని చేత కాగితం ముక్కలు ఊదించేది, సబ్బు బుడగలు ఊదించేది. ఒకరోజు రబ్బరు ఆవు బొమ్మ చూపించి, "ఇదేటి సోనీ?" అని అడిగింది.

"ఆవు! దానికి తెలుసు మేడమ్, ఆవంటే దానికి పేణం" అంది సోములమ్మ.

డాలీ నవ్వింది. "అక్కా, నేను సోనిని అడిగేను."

ఇంకో బొమ్మ చూపించింది. దానికీ సోములమ్మే జవాబు చెప్పింది. అప్పుడు డాలీ ఆమె పక్కకు వచ్చి కూర్చుంది.

"సోనికి మాటలు తెలుసక్కా. బయటికి తేడానికి దానికి కాస్త సేపు పడతాది. ఈలోగా మీరే సెప్పేత్తన్నారు. దానికి ఆకలేసినా, దాహమేసినా మీరే కనిపెట్టి ఇచ్చేత్తే అదెందుకు నోరు తెరుస్తాది? అడగండి, అడిగి ఊరుకోండి. దానికి అరవాలనిపించే పనేదైనా ఇంటికాడ ఉంటే సేయించండి."

బిడ్డ నోరు తెరవకముందే బిడ్డ మనసు తెలుసుకోవడమే తల్లితనం అనుకుంది సోములమ్మ ఇన్నాళ్లూ. డాలీ మాట ఆమెను ఎక్కడో గుచ్చింది.

ఆ ఏడు సామ బాగా పండింది. ధర్మ దిగువన కాఫీ తోటలో కలుపు తీస్తుంటే, సోములమ్మ పిల్లను మంచె మీదికి ఎక్కించి, వెదురు కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తుండు కట్టింది. తాను పక్కనే చతికిలబడింది.

పొద్దెక్కగానే చిలకలు వచ్చాయి. చేను మీద వాలి కంకులు ఒలవసాగాయి. సోని తల్లి వైపు చూసింది. అలవాటుకొద్దీ సోములమ్మ గొంతుదాకా కేక వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"పిట్టలు తినేత్తన్నాయే సోనీ. నువ్వు తోలు" అని మాత్రం అంది. అని ఊరుకుంది.

సోని చేతులు ఆడించింది. కాళ్లు బిగుసుకున్నాయి. మొహం ఎర్రబడింది. ఇంకో గుంపు వచ్చి వాలింది. కళ్లెదుట పంట పోతుంటే సోములమ్మకు ఒళ్లంతా చెమట పట్టింది. అయినా నోరు విప్పలేదు.

ఇంతలో కింది నుంచి ధర్మ పరుగెత్తుకొచ్చాడు. "ఏటే, సేనంతా పోతంది! నిద్దరోతన్నావేటి?"

ఆమె పెదాల మీద వేలు పెట్టి, సోని వైపు చూపింది. అతను నిలబడిపోయాడు.

సోని ఊపిరి పీల్చింది. "హో" అంది. పక్కనున్న తల్లికే సరిగా వినపడలేదు. ఒక్క పిట్టా కదల్లేదు. సోనికి కోపం వచ్చింది. నడుము నిటారుగా చేసి, ఛాతీ నిండా గాలి నింపుకుని మళ్లీ అరిచింది.

"హోఓఓ!"

బొంగురుగా, వంకరగా, పెద్దగా వచ్చింది ఆ కేక. చిలకల గుంపు ఒక్కసారిగా పైకి లేచి, చేను మీద ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయింది. సోని నోరు తెరుచుకుని వాటినే చూసింది. తరవాత నవ్వింది. ఇంకా కేకలు పెట్టింది. పిట్టలు లేకపోయినా పెట్టింది. ధర్మ కొడవలి పక్కన పడేసి చేలోనే కూలబడ్డాడు.

"అది తోలిందే! మన గుంట తోలిందే!" అంటూ ఏడుస్తూ నవ్వాడు.

కోతలయ్యేదాకా ఆ చేనికి సోనే కావలి. "హో" తరవాత "అయ్యా" వచ్చింది. "అయ్యా, రా" వచ్చింది. గంజి వేళకు తోటలో ఉన్న ధర్మను సోనే పిలిచేది. కేంద్రంలో డాలీ ఆవు బొమ్మ చూపించి అడిగేలోగా "ఆవు" అనేసింది. డాలీ చప్పట్లు కొట్టింది, పక్కగదిలో ఉన్న సురేంద్ర వచ్చి ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆ చలికాలంలోనే అతను సోని చేతికి వాకర్ ఇచ్చాడు. ఎన్నోసార్లు పడింది. చివరికి దాన్ని పట్టుకుని వాకిలి దాటింది.

కొత్త సామ వండుకునే పండగ రోజున సోములమ్మ అడ్డాకు విస్తళ్లు కడిగి పెట్టింది. గూడేన్ని భోజనానికి పిలవాలి. ఏటా ఆమే గడపలో నిలబడి ఒక్క కేకతో పిలిచేది. ఈసారి, "సోనీ, నువ్వెల్లి పిలు" అంది.

సోని వాకర్ నెట్టుకుంటూ వీధిలోకి వెళ్లింది. తండ్రి వెనకాల నడిచాడు కానీ చెయ్యి వెయ్యలేదు. వీధి మధ్యన ఆగి ఊపిరి పీల్చుకుంది.

"అందరూ..." అంది. ఇళ్లలోంచి మనుషులు బయటికొచ్చారు. తరవాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ అందించలేదు. పొయ్యి మీద కూర మాడుతున్నా ముసలి అచ్చియమ్మ గడపలోంచి కదల్లేదు.

"మా... ఇంటికి... రండి."

"వత్తన్నామే తల్లీ! బేగి వత్తన్నాం!" అంది అచ్చియమ్మ అందరికంటే ముందు.

గూడెం గూడెమంతా కదిలి వచ్చింది, పక్క గూడెం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా కూర్చున్నారు. వండింది చాలలేదు. సోములమ్మ కళ్లు తుడుచుకుని, పొయ్యిలోకి కట్టెలు ఎగదోసి, రెండో కుండ ఎక్కించింది.