తోకవైపు దారి

పంతొమ్మిదివందల అరవైల్లో నేను జహీరాబాద్ దగ్గరి పల్లెకు కొత్తగా కాపురానికొచ్చాను. ఒకరోజు ఇంజనులో తేడా వచ్చి, కోసిన మా జొన్నచేనులో హెలికాప్టర్ దిగింది. మగవాళ్ళంతా దాని ముందర గుమిగూడారు.

పైలట్‌కు నీళ్ళిద్దామని అత్తమ్మ చెంబుతో బయల్దేరింది. మగవాళ్ళ ముందు నుంచి ఆడవాళ్ళు నడవకూడదని మా ఇంటి పద్ధతి. అందుకే కొంగు తలమీదికి లాక్కుని, తోకవైపు నుంచి చుట్టి పోతోంది. వెనకే నేను.

పైలట్ ఒక్కసారిగా ఉర్దూలో "ఆగండి!" అని కేకేశాడు. భయపడి అత్తమ్మ కొంగు పట్టి లాగాను. ఇద్దరం జొన్న మోళ్ళమీద పడ్డాం. కాసేపటికి తోకనున్న పంకా వేగం తగ్గింది. అంతవరకూ కంటికి కనపడని రెక్కలు బయటపడ్డాయి, సరిగ్గా అత్తమ్మ నుదురంత ఎత్తులో.

పైలట్ మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "విమానమైతే ఈ చేన్లో దిగలేక నేను పోయేవాణ్ణి. ఇది నన్ను కాపాడి, మిమ్మల్ని చంపబోయింది" అన్నాడు.

"గింత ఖరీదు పెట్టిన్రు, ఎనకకు జర అడ్డం పెట్టకపోయిన్రా?" అంది అత్తమ్మ.

మర్నాడు అరుగుమీద మామయ్య, నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. అత్తమ్మ నీళ్ళబిందెతో వాళ్ళ ముందు నుంచే నడిచింది. ఆగి, నన్నూ రమ్మంది.