అసమాపక క్రియ

కళ్లద్దాల షాపాయన రోజూ పొద్దున్నే నవల రాయడానికి కూర్చుంటాడు. ముందు బల్ల తుడుస్తాడు, కళ్లజోడు తుడుస్తాడు, పెన్ను పాళీ తుడుస్తాడు. తుడవడానికి ఇంకేమీ దొరక్కపోతే అప్పుడు రాస్తాడు. వాక్యం పూర్తి చేసి లేవకూడదని ఆయన నియమం. 'చూసి', 'వెళ్లి' లాంటి అసమాపక క్రియ దగ్గర ఆపేస్తే, మిగతా ముక్క కోసం మర్నాడు కాళ్లు వాటంతటవే కుర్చీ దగ్గరికి వస్తాయట. అలా "ఆమె తలుపు తీసి" అని రాసి ఆపాడు. అప్పట్నుంచి వారాల తరబడి అన్నీ తుడిచి షాపుకి వెళ్లిపోతున్నాడు. నవల్లో ఆమె తీసిన తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

ఒకరోజు చూస్తే ఆ ముక్క పక్కన "వెళ్లిపోయింది" అని ఉంది. భార్య చేతిరాత. ఆయన వంటింట్లోకి తొంగి చూశాడు. ఎవరూ లేరు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఆ రోజు ఏదీ తుడవకుండానే కూర్చున్నాడు.

కాసేపటికి ఆవిడ కూరగాయల సంచితో వచ్చి, ఆయన భుజం మీదుగా వంగి చదివింది. కింద కొత్తగా "తిరిగి వచ్చి" అని ఉంది.

"వచ్చి, ఏం చేసిందండీ?"

"రేపు చూద్దాంలే," అంటూ ఆయన లేచి, వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు.