మెట్టు లేని బాత్రూమ్

మా బాత్రూమ్ కట్టిన ప్లంబర్ మేస్త్రి పోయాడని మొన్న ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. గుండెనొప్పట. యారాడలో, సొంత ఇంట్లోనే. నాకు కన్నీళ్ళేమీ రాలేదు. ఆయనతో నా పరిచయం పదకొండు రోజులు, అందులో సగం వాదనే. అయినా రాయాలనిపించింది. మా అమ్మ ఈవేళ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్రూమ్‌కి వెళ్తోందంటే అది ఆయన పుణ్యమే.

నిరుడు అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. పెందుర్తిలో మా ఇంటికి బాత్రూములు రెండూ మేడ మీదే. కింద వాషింగ్ మెషిన్ పెట్టుకునే చిన్న గది ఉంది. కుళాయి ఉంది, నీళ్ళు పోయే గొట్టం ఉంది, ఇక కమోడ్ పెట్టేస్తే సరి అనుకున్నాను. అమ్మ కోరింది ఒక్కటే. "నన్నెవులూ మొయ్యక్కర్నేదురా. నా పాటికి నాను ఎల్లొచ్చేలాగుంటే సాలు."

మేస్త్రి వచ్చి ఆ గొట్టంలో రెండు వేళ్ళు పెట్టి చూశాడు. "ఇది సబ్బునీల్లకి బాబూ. దీనికి కమోడ్ కలిపితే వారం తిరక్కుండా ఇల్లంతా కంపే. నాలుగంగుళాల పైపుండాల, వాటముండాల."

వాటం అంటే నీళ్ళు వాటంతటవే జారిపోయే వాలు. పైపుని నేరుగా వెనక గోడలోంచి బయటికి తీద్దామన్నాడు. ఆ గోడకి అప్పుడే రంగు వేయించాను. పైపు కనబడితే బాగోదని అడ్డం పడ్డాను. అయితే నేల మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్ళాలి, అంత దూరానికి వాటం రావాలంటే గది నేల జానెడు ఎత్తు లేపాలన్నాడు. గొణుగుతూనే లేపాడు.

వాటం కొలవడానికి రసమట్టం పెట్టి చూసినా ఆయన దాన్ని నమ్మేవాడు కాదు. గుమ్మంలో చెంబెడు నీళ్ళు పోసి, చివరి చుక్క మూలనున్న నీళ్ళు పోయే జాలీలోకి పోయేదాకా కూర్చుని చూసేవాడు. అంతసేపూ ఎవరైనా మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపేసేవాడు. నా ఇంట్లో నన్ను! ఒళ్ళు మండేది.

టైల్స్ కూడా వేశాక అమ్మ వాకర్ పట్టుకుని చూడ్డానికొచ్చింది. ఆ జానెడు మెట్టు మీదికి వాకర్ ఎక్కించింది. కాలు లేవలేదు. ఇంకోసారి చూసింది. "బాగుంది తమ్ముడా" అని వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. అమ్మని ఆయన అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. "తప్పు నాది కూడా బాబూ. నువ్వు గోడ సూసావు, నాను నీ మొకం సూసాను. ఇద్దరిలో ఎవులూ అప్ప కాల్లు సూడనేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏటి సేత్తాం? పగలగొడతాం."

తను వేసిన టైల్స్ తనే పగలగొట్టాడు. వెనక గోడకి కన్నం పెట్టి పైపు బయటికి తీశాడు. రంగు గురించి నేనింక నోరెత్తలేదు. స్నానం నీళ్ళకి పాత గొట్టమే సరిపోయింది, వాసన రాకుండా దానికో ట్రాప్ బిగించాడు. గది నేల హాలు నేలతో కలిసిపోయింది. జాలీ వైపు మాత్రం కంటికి ఆననంత వాటం.

వెళ్ళేటప్పుడు ఆయనకి థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పి ఉండను. అది ఇప్పుడు బాధగా ఉంది.

మొన్న కబురు చెబితే అమ్మ లేచి, వాకర్ లేకుండానే, బాత్రూమ్ గుమ్మం దాకా వెళ్ళింది. చెంబెడు నీళ్ళు పోసింది. నేనేదో అడగబోతే చెయ్యెత్తి ఆపింది. చివరి చుక్క జాలీలోకి పోయేదాకా అలాగే నిలబడి చూసింది.