కార్ఖానా మూలన మా రాతల డబ్బా

మా ఆయన పిచ్చిని ఏ డాక్టరుకు చూపించాలో నాకిప్పటికీ తెలియదు. బతకడానికొచ్చిన మరాఠీ ఊళ్లో, మా శాంతి నగర్‌లో అప్పుడప్పుడే కంప్యూటర్లు వస్తున్న రోజులు. అందరూ వాటిలో సినిమాలు చూస్తుంటే, ఈయన నోట్సు రాసుకునే ప్రోగ్రాములు తెచ్చి పెట్టేవాడు. అవి ఉచితం, లోపల ఎలా పనిచేస్తాయో ఎవరైనా తెరిచి చూడొచ్చు, మన కంప్యూటర్లోనే నడుపుకోవచ్చు. అదీ ఆయన మురిపెం. "మన రాతలు బయటోళ్ల దగ్గర ఎందుకు? రేపు వాళ్లు దుకాణం బంద్ జేస్తే ఏం జేస్తవ్?" అనేవాడు.

ఆ దుకాణమేదో ఈయనే మా కింది కార్ఖానాలో తెరిచాడు. మరమగ్గాల పక్కన, మూలన, ఒక పాత కంప్యూటర్ రాత్రింబవళ్లు నడిచేది. దాన్నుంచి మేడ మీది గదికి వైరు. నెలనెలా ప్రోగ్రాం మార్చేవాడు. మారినప్పుడల్లా కొత్త పాస్‌వర్డు, నిన్న ఉన్నచోట ఈరోజు ఏదీ ఉండదు. ఒకసారైతే నేను రాసిన తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. "ఏంది గిది? కాయితం మీద రాస్కుంటే సచ్చిపోతమా?" అని అరిచాను. దాన్ని బాగుచేయడానికి ఆయనకు వారం పట్టింది.

అయినా రాయడం మానలేదు, మామయ్య కోసం. మరమగ్గాల, అదే మా సాంచాల, మోతలో బతుకంతా గడిపి ఆయన చెవులు పోయాయి. మేం అరిస్తే వినబడేది గాని, మూడేళ్ల మనవరాలి గొంతు అందేది కాదు. అదేమంటోందో చెప్పమని నన్ను సతాయించేవాడు. అందుకని దాని మాటలు ఏ రోజువి ఆ రోజు టైపు చేసేదాన్ని. కాగితం మీద అక్షరాలు ఆయన కళ్లకు ఆనవు, తెర మీదైతే ఎంత పెద్దవైనా చేయొచ్చు. సెలవు రోజు మగ్గాలు ఆగితే "సాంచాలు ఝోప్‌లీ" అంది మా పిల్ల, పడుకున్నాయని, సగం మరాఠీలో. ఆ ముక్క మామయ్య మళ్లీ మళ్లీ తెరిపించుకుని, చదివి, ఒక్కడే నవ్వుకునేవాడు.

ఒకరోజు నేను నిజాంపురా బజారు నుంచి వచ్చేసరికి కార్ఖానా అంతా కాలిన వాసన. మామయ్యకు మిషన్ సంగతి చేత్తోనే తెలుస్తుంది. మూలనున్న ఆ కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెట్టాడట, వణుకుతోందట. వణికే మిషన్‌కు నూనె పెట్టడం ఆయనకు అన్నం తిన్నంత మామూలు. మగ్గాల నూనె తెచ్చి వెనక ఫ్యాను సందుల్లోంచి ధారగా పోశాడు. లోపల పేరుకున్న దూది నుసికి నూనె తోడై, డిస్కుతో సహా మాడిపోయింది.

"నకలు తీసి పెట్టిన, ఫికర్ చెయ్యకు" అన్నాడు మా ఆయన. ఎక్కడయ్యా అంటే, ఆ డబ్బాలోనే, ఇంకో ఫోల్డర్లో. నా నెత్తి బాదుకోవాలో ఆయన నెత్తి పగలగొట్టాలో అర్థం కాలేదు. బాగుచేసేవాడు కూడా ఏమీ రాలేదని డిస్కు తిరిగిచ్చేశాడు.

మామయ్యకు మాత్రం దిగులే లేదు. మిషన్ అన్నాక చెడుతుంది, సామాను మారిస్తే మళ్లీ నడుస్తుంది, అంతే ఆయన లెక్క. కొత్త డబ్బా వచ్చిన సాయంత్రం తెర ముందు కూర్చుని, "పిల్ల మాటలు తియ్యి బిడ్డా" అన్నాడు. చెవిటివాళ్ల అలవాటు కదా, ఆయన మామూలు మాటే గల్లీ చివరిదాకా వినబడేది. నాకు ఆయన మీద మండుతోంది, మొగుడి మీద ఇంకా మండుతోంది, ఏడుపూ వస్తోంది. మెల్లగా చెప్పే వీలు కూడా లేదు. "మీరు నూనె పోస్తే కాలిపోయింది మామా, పిల్ల మాటలన్ని పోయినయి" అని చెవిలో అరిచాను. సరిగ్గా వినబడక చెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకున్నాడు. మళ్లీ అరిచాను. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.

"అన్నీనా?" అని అడిగాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.