నాకు గిట్టని స్వాన్సీ

మొన్న ఆదివారం బ్రిటన్‌లోని మా ఊరు రీడింగ్‌లో తెలుగువాళ్లమంతా ఒక హాలు అద్దెకు తీసుకుని, వాన పుణ్యమా అని వనభోజనాలను నాలుగు గోడల మధ్యే కానిస్తుంటే, ఈమధ్యే మాస్టర్స్ పూర్తిచేసిన ఒక అమ్మాయి పులిహోర ప్లేటుతో నా పక్కన చేరి, తనకు స్వాన్సీలో ఉద్యోగం వచ్చిందనీ, కొన్నాళ్లకు వాళ్లమ్మను కూడా తెచ్చుకోవాలనుకుంటున్నాననీ, "ఆ ఊరు ఎలా ఉంటుంది ఆంటీ?" అనీ అడిగింది. "వానలెక్కువమ్మా, మంచి గొడుగు కొనుక్కో" అని ఒక్క ముక్క అనేసి లేచి వచ్చేశాను. అవతల నుంచి విన్న మావారు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ ఊరి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుందని ఆయనకు తెలుసు.

పాపం, ఆ ఊరు నాకేమీ అపకారం చేయలేదు. మా అమ్మను ఎగరేసుకుపోయింది, అంతే.

పదేళ్ల కిందటి మాట. నాన్న పోయిన మరుసటి ఏడు అమ్మ ఆరు నెలల వీసా మీద విశాఖపట్నం నుంచి వచ్చింది. మొదట కొన్నాళ్లు నా దగ్గర, తర్వాత స్వాన్సీలో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి దగ్గర, విమానం ఎక్కే ముందు మళ్లీ నా దగ్గర ఉండాలని మేమిద్దరం ఫోన్లోనే వాటాలు వేసుకున్నాం. అమ్మ కోసం నేను చేయని ఏర్పాటు లేదు. మెట్లెక్కనక్కర లేకుండా కింది గది, కొత్త పరుపు, తెలుగు సీరియళ్లు వచ్చే టీవీ, దేవుడికి వేరే అలమర అన్నీ అమర్చాను. పొద్దున్నే నేనూ మావారూ ఆఫీసులకు, పిల్లలు స్కూలుకు వెళ్లిపోతే అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేది. మా వీధిలో కార్లు తప్ప మనుషులు కనిపించరు. చీరలు పెరట్లో ఆరేస్తానని ఒకసారి అడిగింది గానీ, మా వరసలో ఎవరూ అలా ఆరేయరు కదా అని డ్రయ్యర్ చూపించాను. ఏది అడిగినా "బాగుందమ్మా" అనేది.

చెల్లెలి వాటా అయ్యాక అమ్మను తిరిగి తెచ్చుకోవడానికి ఒక శనివారం నేనే రైలెక్కాను. నది కింద సొరంగం దాటి, కార్డిఫ్ దాటి, ఇంకా పడమరకు పోతుంటే పట్టాల పక్కన ఉక్కు ఫ్యాక్టరీ, దాని పొగగొట్టాలు, ఆ పొగలోనే తడుస్తున్న ఇళ్లు కనిపించాయి. అయ్యో, ఇలాంటి చోట అమ్మ ఎంత ఇబ్బంది పడుతోందో అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ అనుకోవడంలో బోలెడంత సంతోషం కూడా ఉంది. చెల్లెలి అద్దె ఇల్లు చూశాక ఆ సంతోషం రెట్టింపయింది. నిలువుగా కొండెక్కే వీధి, ఒకదానికొకటి అతుక్కున్న బూడిదరంగు ఇళ్లు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకు చోటుండని వంటిల్లు.

తలుపు తీసిన అమ్మను చూడగానే అదంతా ఆవిరైపోయింది. బుగ్గలు నిండి, మొహం కళకళలాడుతోంది. "దార్లో ఆ పొగగొట్టాలు చూసేవా? కొండా, సముద్రం, ఫ్యాక్టరీ... అచ్చం మన ఊరే కదే!" అంది. నాన్న ముప్ఫయ్యేళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో చేసిన మనిషి కదా, అమ్మకు ఆ పొగలో ఏం కనిపించిందో నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కడుపుమంట చల్లారలేదు.

ఆ మధ్యాహ్నం భోజనంలో నల్లగా ఒక పచ్చడి వడ్డించింది. సముద్రపు నాచును మెత్తగా ఉడికించి అక్కడి బజార్లో ముద్దగా అమ్ముతారట. పక్కింటి ముసలావిడ గిన్నెలో పెట్టి ఇస్తే, ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని అమ్మ అందులో పులిహోర పెట్టి ఇచ్చిందట. ఆ నాచుకేమో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పోపు పెట్టుకుందట. నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ చారు, బంగాళదుంప వేపుడు తప్ప ఇంకేదీ వండబుద్ధి కాని మనిషి! పచ్చడి బాగాలేదని అందామని కలుపుకున్నాను. బాగుంది. రెండోసారి కూడా వేయించుకున్నాను, మాట్లాడకుండా.

ఆ పక్కింటావిడ కూడా భర్త పోయిన మనిషే. ఆయనా ఫ్యాక్టరీ మనిషేనట. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా పొద్దున్న పెరటి గోడకు అటూ ఇటూ నిలబడితే ఇద్దరికీ టైము తెలియదని చెల్లెలు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం అమ్మను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, రేపటి రైలు సంగతి, పిల్లలు అమ్మమ్మను తలుచుకుంటున్న సంగతి చెప్పాను. అమ్మ తల వంచుకుని వింది. ఇక ఆగలేక, "నా దగ్గర నీకేం తక్కువైందమ్మా?" అని అడిగేశాను. సరిగ్గా అప్పుడే కిటికీ అద్దం మీద చినుకులు పడ్డాయి. "అయ్యో, ఆవిడ బజారుకెళ్లింది, దుప్పట్లు తడిసిపోతాయే!" అంటూ అమ్మ ఒక్క ఉదుటున పెరట్లోకి పరిగెత్తింది. గోడ మీదుగా ఒంగి, ఆవిడ తీగ మీది బట్టలన్నీ లాగి, గుండెలకు హత్తుకుని లోపలికి తెచ్చి, సోఫాలో కూర్చుని మడతలు పెడుతోంది. పక్కనే తన చీరలు వానలో నానుతున్నాయి. మరి మనవో అంటే, "మనవి మళ్లీ ఆరతాయిలే" అంది. నా ప్రశ్న నేను మళ్లీ అడగలేదు.

మర్నాడు అమ్మ బుద్ధిగా నాతో బయల్దేరింది. గడపలో పక్కింటావిడ మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని ఇంగ్లీషులో ఏదో చెబుతుంటే, అమ్మ తెలుగులో జవాబు చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా ఇంటి నుంచి చెల్లెలి దగ్గరకు వెళ్లిన రోజున రైలు కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపింది. నేను చూశానుగా.

మా ఇంట్లో ఆ మిగిలిన రోజులు అమ్మ ఏ లోటూ చెప్పలేదు. కానీ రాత్రి చెల్లెలు ఫోన్ చేస్తే మొదటి మాట, "పక్కింటావిడ కులాసాయేనా?" అని. విశాఖ వెళ్లాక చుట్టాలందరికీ "నేను స్వాన్సీలో ఉన్నప్పుడు..." అంటూ కబుర్లు చెప్పేదట. బ్రిటన్ అంటే అమ్మకు ఆ ఊరే. కింది గది, కొత్త పరుపు ఉన్న నా రీడింగ్ ఎక్కడా రాలేదు, దారిలో రైలు మారిన స్టేషన్ కింద కూడా.

ఇప్పుడు అమ్మ లేదు. చెల్లెలు ఆ ఇల్లు వదిలి బర్మింగ్‌హామ్ పక్కన కొత్త కాలనీలో పెద్ద ఇల్లే కొనుక్కుంది. అక్కడ పక్కవాళ్లెవరో తనకూ తెలియదట. ఇక చెల్లెల్ని చూసి కుళ్లుకోవడానికి నాకేమీ మిగల్లేదు. కుళ్లు మాత్రం పోలేదు. ఈమధ్యే తెలిసింది, అది అమ్మ మీదని. భాష రాని ఊళ్లో, నాన్న పోయిన దుఃఖంతో వచ్చి, కొద్ది నెలల్లో ఒక స్నేహితురాలిని సంపాదించుకుని వెళ్లింది. నేను ఈ వీధిలో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. పక్కింటివాళ్లు కారెక్కుతూ చెయ్యి ఊపుతారు, నేనూ ఊపుతాను. ఇంగ్లీషు నాకు బాగానే వచ్చు.