విమానం చక్రానికి నిమ్మకాయ

ఆ రోజుల్లో నాకు రెండే వచ్చు. ఫోను నొక్కడం, కోపం తెచ్చుకోడం. సెల్‌ఫోనంటే ఇంకా బటన్లదే, ఒక్కో అక్షరానికి మూడేసి సార్లు నొక్కాలి. అయినా సరే, దానివైపు చూడకుండా, టేబుల్ కింద చెయ్యి పెట్టి, మా మేనేజరుతో మాట్లాడుతూనే మెసేజ్ పంపగలిగేవాణ్ణి. (మేనేజరు చెయ్యి కూడా టేబుల్ కిందే ఉండేదని తర్వాత గమనించాను.) పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదు, కొత్త ఉద్యోగం, ప్రపంచంలో ప్రతి పనీ బొటనవేలితో అయిపోతుందని గట్టి నమ్మకం. మా అక్క పెళ్ళికి అమ్మ తన పుట్టింటి వైపు వాళ్ళని పిలిచే పని నాకప్పగిస్తే, ఆ నమ్మకంతోనే కొవ్వూరులో ఉన్న మావయ్యకి, అంటే అమ్మ సొంత అన్నయ్యకి, పెళ్ళిపిలుపు మెసేజ్ కొట్టేశాను. చివర్లో 'తప్పక రావలెను' అని కూడా పెట్టాను. మర్యాద నాకు తెలీదనుకుంటారేమో అని.

మావయ్య దగ్గర్నుంచి జవాబు లేదు. పెళ్ళి దగ్గర పడ్డాక అత్తయ్య అమ్మకి ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పింది. "మీ అన్నయ్య రారంట. గుమ్మంలోకి మనిషి రాలేదు, చేతిలో శుభలేఖ పెట్టలేదు, జేబులో ఫోను కుయ్యిమంటే పెళ్ళికి పరిగెత్తుకెళ్ళాలా అంటున్నారు." అమ్మ ఫోను పెట్టేసి నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. "పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకెళ్ళాల్సింది మేనమామరా. నాకున్నది ఒక్క అన్నయ్య. నాకు మేనమామ లేడు, మా నాన్న పోయాక నన్ను గంపలో మోసిందీ, అప్పగింతలు పెట్టిందీ వాడే. ఇప్పుడు నా కూతుర్ని ఎవరు మోస్తారు? నువ్వు మోస్తావా, నీ ఫోను మోస్తుందా?" నేనేదో అనబోయాను. "మాట్లాడకు. పోయి తీసుకురా. వాడు లేకుండా ఈ గుమ్మం తొక్కావంటే చూడు" అంది. (ఆ గుమ్మానికి అప్పటికే మామిడాకులు కట్టేశారు.)

అలా పెళ్ళికి ముందురోజు పొద్దున్నే పంచెలచాపూ, పసుపుకుంకాలూ, శుభలేఖా పట్టుకుని కొవ్వూరులో దిగాను. మావయ్య ఇన్సూరెన్స్ ఏజెంటు. జనాన్ని ఓ మోతాదులో భయపెట్టి, తర్వాత ధైర్యం చెప్పి, మధ్యలో సంతకం పెట్టించుకోడం ఆయన వృత్తి. పడక్కుర్చీలోంచి లేవకుండా, "ఎవరండీ తమరు?" అన్నాడు. శుభలేఖ అందించబోతే, "ఎడం చెయ్యి కిందకి దించు. ఆ ఫోను జేబులో పెట్టుకో. ఆఁ, ఇప్పుడు పిలువు" అన్నాడు. పిలిచాను. "వినపడలేదు." మళ్ళీ పిలిచాను, ఈసారి పళ్ళు నూరుతూ. కాఫీ వచ్చేసరికి ఆయన మొహం విచ్చుకుంది. కాలికి కట్టు ఉంది కాబట్టి తను రాలేననీ, ఆయన మాత్రం పెట్టె నాలుగురోజుల కిందటే సర్దేసుకున్నారనీ అత్తయ్య వంటింట్లో నాకు చెవిలో చెప్పింది.

రాత్రి రైలు. కానీ ఆ మధ్యాహ్నం మొదలైన శ్రావణమాసపు వాన ఆగలేదు. సాయంత్రం వంతెన దాటి రాజమండ్రి స్టేషన్‌కి వెళ్తే, బెజవాడ ఇవతల పట్టాల మీదికి నీళ్ళొచ్చాయి, రైళ్ళన్నీ ఆపేశారన్నారు. బస్టాండ్‌లో అడిగితే రోడ్డుదీ అదే కథ. మర్నాడు సాయంత్రం గోధూళి ముహూర్తం. ప్లాట్‌ఫారమ్ మీద నిలబడి ఎవరిమీద అరవాలో తెలీక విచారణ కిటికీ ఆయన మీద అరిచాను. ఆయన పాపం, "వాన నేను కురిపించలేదండి" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. రాజమండ్రి పక్కనే ఉన్న మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి హైదరాబాదుకి ఓ చిన్న కంపెనీ కొత్తగా విమానం వేసింది, రెక్కలకి పంకాలున్న చిన్న విమానం, టిక్కెట్టు ఏసీ బస్సుకంటే కాస్తే ఎక్కువ. హైదరాబాదులో ఫ్రెండ్‌కి ఫోన్ చేసి మర్నాటి మధ్యాహ్నానికి రెండు టిక్కెట్లు పట్టాను. బొటనవేలి మీద మళ్ళీ గౌరవం పెరిగింది.

మావయ్య టిక్కెట్టు ఖరీదు విని, చేతిలో పెట్టె కింద పెట్టేశాడు. "అంత తక్కువా? ఎందుకని?"

"బడ్జెట్ ఎయిర్‌లైన్ మావయ్యా. తిండి పెట్టరు. నీళ్ళు కూడా కొనుక్కోవాలి."

"మంచినీళ్ళ దగ్గర మిగుల్చుకునేవాడు నట్లు బిగిస్తాడంటావా?"

"రెండిటికీ ఏంటి సంబంధం?"

"ఒరేయ్, నా బతుకంతా అదే పని. ఏది ఎప్పుడు ఎలా పోతుందో లెక్కేసుకోడం. రైలనుకో, పట్టాలు తప్పితే నేల మీదే ఉంటావు. లాంచీ అనుకో, ఈత వచ్చు. ఇది ఆగిపోతే నీకేం వచ్చు చెప్పు?"

"కార్లో వెళ్దామా అయితే? నీళ్ళల్లో తేలుకుంటూ?"

"కోప్పడకు. వస్తానన్నాను కదా, వస్తాను. ఏజెంటుగా మాత్రం ఈ విమానానికి నేను పాలసీ రాయను."

మర్నాడు వాన వెలిసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎయిర్‌పోర్టంటే ఓ హాలూ, కుర్చీలూ, బయట పొలాలూ. విమానం ఇంకా హైదరాబాదు నుంచి రాలేదన్నారు. నేను కౌంటర్ మీద పడి "ఎప్పుడొస్తుంది, రాకపోతే ఏం చేస్తారు, మీ మేనేజర్ని పిలవండి" అని గొడవపడుతుంటే, మావయ్య ఈలోగా పక్క సీట్లో తునివైపు వ్యాపారస్తుణ్ణి పరిచయం చేసుకున్నాడు. "మీకు పాలసీ ఉందాండి? ఆయ్, ఊరికే అడిగాను. నామినీ ఎవరండి? అది ఇంట్లోవాళ్ళకి తెలుసాండి?" కాసేపటికి ఆ వ్యాపారస్తుడు లేచి కిటికీ దగ్గరకెళ్ళి, ఇంటికి ఫోన్ చేసి, బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పడం మొదలెట్టాడు. నా ఫోను మోగింది. అమ్మ.

"ఎక్కారా?"

"ఆఁ, ఎక్కేశాం."

"ఎక్కితే ఫోను ఆపెయ్యమంటారుగా, ఎలా మాట్లాడుతున్నావు?"

"అదే, ఆపేస్తున్నా." నిజంగానే ఆపేశాను. ఉద్యోగంలో చేరాక పగటిపూట నా ఫోను ఆగడం అదే మొదటిసారి. చెయ్యి ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలీలేదు.

చివరికి విమానం వచ్చింది. లైన్లో నడిపించారు. ఎండలో మెరుస్తున్న ఆ బుల్లి విమానాన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో రెండడుగులు వేస్తే మెట్లు. వెనక్కి తిరిగి చూస్తే మావయ్య లేడు. లైన్ వదిలేసి, పంచె ఓ చేత్తో ఎగ్గట్టి, విమానం ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. జేబులోంచి ఏదో తీసి చక్రం కింద పెడుతున్నాడు.

విజిల్ మోగింది. యూనిఫాం వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకాయన మావయ్య భుజం పట్టుకున్నాడు. ఇంకొకాయన అందర్నీ వెనక్కి వెళ్ళమని అరిచాడు. మెట్ల మీద ఉన్నవాళ్ళు ఉన్నట్టే నిలబడిపోయారు. (ఆ తుని వ్యాపారస్తుడు మాత్రం హాలు గుమ్మం దాకా వెళ్ళిపోయాడు.)

"ఏం పెట్టారు అక్కడ?"

"నిమ్మకాయండి."

"ఎందుకు?"

"ఎందుకేంటండి? ట్రాక్టర్ కొంటే పెట్టరా, లారీ బయల్దేరితే పెట్టరా? మీరు ఇంత బండి నడుపుతూ పెట్టలేదు. ఎవరో ఒకరు పెట్టాలిగా."

అక్కడ నేను నోరు మూసుకునుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. మూసుకోలేదు. "ఓ ముసలాయన నిమ్మకాయ పెడితే ఇంత సీన్ చేస్తారా? సాయంత్రం పెళ్ళి మాది! మీ ఆఫీసర్ నంబర్ ఇవ్వండి!" అని ఫోను తీసి ఆయన మొహం ముందు ఊపాను. ఆఫ్‌లో ఉన్న ఫోను. దాంతో ఇద్దర్నీ హాలు పక్కనున్న గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. పెద్దాఫీసరు వచ్చాడు. నిమ్మకాయని ఓ పళ్ళెంలో పెట్టి తెచ్చారు. ఆయన దాన్ని చూశాడు, మావయ్యని చూశాడు, నన్ను చూశాడు. "పిండి చూపించనాండి?" అన్నాడు మావయ్య మర్యాదగా. ఆఫీసరుకి నవ్వొచ్చిందని నాకర్థమైంది, ఎందుకంటే గోడవైపు తిరిగాడు. "వెళ్ళండి, ఎక్కండి. తలుపు వేసేస్తున్నారు" అన్నాడు.

నేను లేచాను. మావయ్య లేవలేదు.

"మావయ్యా! పద!"

"నేను రాను."

"ఏంటీ?"

"పెట్టకుండా బయల్దేరితే అదో దారి. పెట్టిన నిమ్మకాయ నలక్కుండా తీసేశారు. ఇది అంతకన్నా చెడ్డది. నువ్వెళ్ళు. చెల్లెమ్మతో నేను చెప్పుకుంటాను."

చెయ్యి పట్టుకుని లేపబోయాను. ఆయన చేతులవైపు చూశాను. రెండు చేతుల్తోనూ కుర్చీ అంచు పట్టుకుని వదలట్లేదు. నిన్న సాయంత్రం నుంచీ మంచినీళ్ళూ, నట్లూ, పాలసీలూ అని ఆయన మాట్లాడిందంతా ఏంటో అప్పటిగ్గానీ నా బుర్రకెక్కలేదు. ఆయనకి భయం. మేనల్లుడి ముందు ఆ మాట అనలేడు, అంతే. ఇంట్లో అక్క ఈపాటికి పెళ్ళిచీర కట్టుకుని ఉంటుంది. గంప ఎక్కడో ఓ మూల ఖాళీగా ఉంటుంది.

అప్పుడు తలుపు తోసుకుని ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. "సార్, మీ ఇద్దరి కోసమే ఆగామండి" అంది. మావయ్య అంత భయంలోనూ తలెత్తి, "తెలుగమ్మాయివా? ఏ ఊరమ్మా?" అన్నాడు. (ప్రాణాలు పోతున్నా మా వాళ్ళకి ముందు ఊరు తెలియాలి.)

"నరసాపురమండి."

"రోజూ ఎక్కుతావా ఇది?"

"రోజూ రెండుసార్లండి."

"మీ అమ్మ ఏమనదా?"

"ఎందుకనదండీ? మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు లేసు అల్లుకుంటూ, టైముకి ఫోన్ చెయ్యలేదని తిడుతుంది. నాకు మటుకు దీని మీద భయం లేదండి బాబాయ్ గారూ. మా ఊళ్ళో పంటు ఎక్కాలంటేనే భయం. రేవు దాటేటప్పుడు కళ్ళు మూసుకుంటాను."

మావయ్య మొహంలో మొదటిసారి రంగొచ్చింది. "పంటుకా? మనుషుల్నీ మోటార్‌సైకిళ్ళనీ వేసుకుని ఏటికి అడ్డంగా పోయే బల్లకట్టుకి భయమేంటే పిచ్చిపిల్లా! నేను పుట్టినకాణ్ణించీ ఎక్కుతున్నాను."

"ఆయ్. ఇదీ నాకలాంటిదేనండి."

ఆ అమ్మాయి బల్ల మీద నిమ్మకాయ చూసింది. బయట గొడవ ఆమెకీ తెలుసు. ఆఫీసరుగారివైపు ఓసారి చూసి, నిమ్మకాయ తీసుకుని, "రండి" అంది. మావయ్య ఎందుకు లేచాడో తెలీదు కానీ లేచాడు. మెట్ల దగ్గరికొచ్చాక ఆమె ఆ నిమ్మకాయని నేలమీద పెట్టింది. "చక్రం కింద పెట్టనివ్వరండి. నేను కూడా ఈ విమానంతో పాటే పైకీ కిందకీ తిరిగేదాన్నే కదా. నా కాలికింద నలిగితే చాలదాండి?" అని, ఆ నల్ల బూటు మడమతో ఒక్క తొక్కు తొక్కింది. రసం చిట్లి మావయ్య పంచె అంచు మీద పడింది.

మావయ్య ఆ మరక చూసుకున్నాడు. తర్వాత చెప్పులు సరిచేసుకుని, కుడికాలు ముందుపెట్టి, గృహప్రవేశంలా విమానం ఎక్కాడు.

ఇక్కడితో అయిపోతే నాకు పరువు మిగిలేది. విమానం పరుగెత్తి, నేల వదిలి, గాల్లో ఓ కుదుపు కుదిపేసరికి, నాకు అసలు సంగతి తెలిసింది. నాకూ ఇదే మొదటి విమానం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. అలవాటుగా ఫోను తీస్తే అది చీకటిగా ఉంది. రెండో కుదుపుకి నేను పట్టుకున్నది మావయ్య చెయ్యి. మావయ్య కిటికీలోంచి కిందకి చూస్తూ, "అదిగోరా వంతెన. అల్లదిగో మన కొవ్వూరు రేవు. ఎంతుందో చూడు, అగ్గిపెట్టంత" అన్నాడు. నేను కళ్ళు తెరవలేదు. "భయపడకురా. నలిగిందిగా" అన్నాడు. తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, నా కోసం ఓ మంచినీళ్ళ సీసా కొన్నాడు.

మేం వెళ్ళేసరికి పందిట్లో సన్నాయి మొదలైంది. అమ్మ ఎదురొచ్చింది. మెసేజ్ సంగతీ లేదు, అలక సంగతీ లేదు. "ఏం తిన్నావురా అన్నయ్యా?" అంది. "అందులో ఏం పెట్టరంటనే" అన్నాడు. ఇద్దరూ అక్కడే ఏడ్చేశారు. తర్వాత మావయ్య మొహం కడుక్కుని, నిమ్మరసం మరకున్న ఆ పంచెతోనే, అక్కని గంపలో కూర్చోబెట్టుకుని ఎత్తాడు. మండపం దాకా మోస్తున్నంతసేపూ పక్కవాళ్ళతో, "మావాడు విమానంలో నా చెయ్యి వదల్లేదనుకోండి" అని చెబుతూనే ఉన్నాడు. గంపలో అక్క నవ్వాపుకోలేక ఊగుతుంటే, అమ్మ "కదలకే, పడతావు" అని గదమాయించింది.

మొన్న అక్క కూతురికి, వాళ్ళు ఇప్పుడుంటున్న రాజమండ్రిలో, చెవులు కుట్టించారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కదా, అంటే నేనే. పిలుపు ఎలా చేస్తారో అని చూశాను. అక్క హైదరాబాదు దాకా వచ్చి, గుమ్మంలో నిలబడి, నా చేతిలో ఫోను పక్కన పెట్టించి మరీ బొట్టు పెట్టింది. విమానం టిక్కెట్టు అన్నిటికన్నా తక్కువది చూసి కొన్నాను, మన బుద్ధి ఎక్కడికి పోతుంది. కానీ ఎయిర్‌పోర్టు బయట టాక్సీ దిగాక, ఎవరూ చూడట్లేదని నాలుగువైపులా చూసుకుని, జేబులోంచి నిమ్మకాయ తీసి కింద పెట్టి, నా బూటుకాలితోనే తొక్కాను. రసం ప్యాంటు మీద పడింది. తుడుచుకోబోయి, ఉండనిచ్చి, ఫోను ఆపేసి లోపలికి నడిచాను.